హెడ్‌ఫోనుకూ స్పీకరుకూ మధ్య నిలిచిన శబ్దం

శబ్దం లేకపోవడం వేరు, వినబడకపోవడం వేరు. మీమాంసకులలో భాట్టులు, వేదాంతులలో అద్వైతులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. ప్రాభాకరులు, నైయాయికులు అంగీకరించలేదు. అంగీకరించినవారు సైతం దానికొక నియమం విధించారు. వస్తువు అక్కడ ఉన్నట్లయితే గోచరించి తీరవలసిన సామగ్రి అంతా సమకూడి, అయినా గోచరించనప్పుడు మాత్రమే దాని అభావం సిద్ధిస్తుంది. చీకటి గదిలో కుండ కనబడలేదు గనుక కుండ లేదనరాదు. ఇదే యోగ్యానుపలబ్ధి. ఘటాన్ని ఉదాహరణగా పెట్టుకొని ఈ విచారం చేసినవారికి, లైనక్స్ కంప్యూటరులో స్పీకరు మూగబోయినప్పుడు ఏమి చేయాలో సగం తెలిసినట్లే. తక్కిన సగం యంత్రజ్ఞానం.

గోదావరీతీరంలోని ఒక చిన్న పట్టణంలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులొకరున్నారు. వయస్సు డెబ్బది దాటింది. నీటికాసుల వ్యాధి వల్ల దృష్టి క్రమంగా క్షీణించి, కొన్నేళ్ళ క్రితం పూర్తిగా పోయింది. ఆయన బల్లమీద డెబియన్ 12 నడిచే కంప్యూటరు ఒకటుంది. అందులో ఓర్కా అనే తెరచదువరి, ఈస్పీక్ అనే యంత్రకంఠం, తెరమీది అక్షరాలను ఆయనకు చదివి వినిపిస్తాయి. పిల్లలకోసం సుమతీ శతకానికి ప్రతిపదార్థం, భావం వ్రాస్తున్నారు. అరవై పద్యాలు దాటాయి. పగలు స్పీకరు మ్రోగుతుంది. సాయంకాలం వీధిలోని పిల్లలు వచ్చి ఆ స్పీకరు చుట్టూ కూర్చుంటారు. రాత్రి సహధర్మచారిణికి నిద్ర పలుచన గనుక, ఆయన హెడ్‌ఫోను తగిలించుకొని పని చేస్తారు.

చూపున్నవారికి కంప్యూటరులో శబ్దం పోతే పాట పోతుంది. ఆయనకు శబ్దం పోతే తెర పోతుంది, అక్షరం పోతుంది, తాను ఏ కిటికీలో ఉన్నారో ఆ ఎరుక సైతం పోతుంది. యంత్రం నడుస్తూనే ఉంటుంది, ఆయనకు మాత్రం అది బల్లమీది పెట్టె. కాబట్టి హెడ్‌ఫోను తీసిన పిమ్మట స్పీకరు మాట్లాడకపోవడం అనేది ఆ ఇంటిలో చిన్న విషయం కాదు.

పాత ట్రాన్సిస్టరు రేడియోలో ఈ మార్పు ఎంత సరళంగా జరిగేదో స్మరించడం మంచిది. ఇయర్‌ఫోను ప్లగ్గు రంధ్రంలోకి దూరగానే లోపలి లోహపత్రం ప్రక్కకు జరిగేది, స్పీకరుకు పోయే తీగ తెగేది. ప్లగ్గు తీస్తే పత్రం స్వస్థానానికి వచ్చేది. ఆ మార్పును నిర్ణయించే కర్త మరొకడు లేడు. నేటి కంప్యూటరులో ఆ లోహపత్రం ఉన్నది గానీ, అది శబ్దాన్ని త్రెంచదు. కేవలం వార్త చెబుతుంది. 2004లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన హై డెఫినిషన్ ఆడియో విధానంలో ఒకే తీగమీద నాలుగు రంధ్రాల వార్త తెలియజేసే ఉపాయముంది. ఒక్కొక్క రంధ్రానికి ఒక్కొక్క రెసిస్టరు: 39.2, 20, 10, 5.1 కిలోఓములు. ప్రతి విలువా ముందుదానిలో సుమారు సగం. అందుచేత ఏవేవి కలిసినా మొత్తం నిరోధం వేరువేరుగా ఉంటుంది, ఆ ఒక్క కొలతనుబట్టి ఏ రంధ్రాలలో ప్లగ్గులున్నవో శబ్దచిప్పు గ్రహిస్తుంది. ద్విగుణక్రమంలోని ఈ సౌందర్యం మన ఛందశ్శాస్త్రంలో గురులఘువుల ప్రస్తారం చేసినవారికి వెంటనే స్ఫురిస్తుంది.

చిప్పు గ్రహించిన వార్త కెర్నెల్‌లోని ఆల్సా అనే పొరకు చేరుతుంది. ఆల్సాకు పైన శబ్దనిర్వాహకుడు ఒకడున్నాడు. పూర్వం ఆ పని పల్స్ ఆడియో చేసేది. ఇప్పుడు అనేక పంపిణీలలో పైప్‌వైర్ చేస్తున్నది. రెడ్ హ్యాట్ సంస్థలోని విమ్ టేమన్స్ ఆరంభించిన ఈ పైప్‌వైర్‌ను ఫెడోరా 34 తన సహజ శబ్దవ్యవస్థగా 2021లో స్వీకరించింది. 2023లో వచ్చిన డెబియన్ 12లో గ్నోమ్ తెరతో బాటు అదే వస్తుంది. పైప్‌వైర్ ప్రవాహాన్ని మోస్తుంది. ఆ ప్రవాహం ఎటు పోవాలో నిర్ణయించేది వైర్‌ప్లంబర్ అనే సహచరుడు. ఇక ఓర్కా పలికే మాట ఈ పొరలన్నిటినీ దాటుకొని చెవికి చేరాలి. ఎక్కడ ఆగినా అనుభవం ఒక్కటే, నిశ్శబ్దం. చికిత్సలో అసలు కష్టం అదే. కారణాలు అనేకం, లక్షణం ఒకటి.

మొదటి ఉపద్రవం సెలవులకు మనుమడు వచ్చి వెళ్ళిన మరునాడు కలిగింది. పాత తెర మసకబారిందని ఆ పిల్లవాడు కొత్త తెర ఒకటి తెచ్చి హెచ్‌డీఎంఐ తీగతో తగిలించి పోయాడు. తెల్లవారి మాస్టారు కంప్యూటరు తెరిస్తే మాట లేదు. ఒకప్పుడు ఆయన వద్ద చదువుకొని, ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న శిష్యురాలికి ఫోను చేశారు.

"మాస్టారూ, హెడ్‌ఫోను పెట్టి చూశారా?"

"పెట్టానమ్మా. అందులోనూ లేదు."

"అయితే రెండు చోట్లా పోయిందన్న మాట. అమ్మగారిని ఒక్కసారి తెర దగ్గరికి రమ్మనండి."

ఈ ప్రశ్న మొదట అడగడంలోనే ఆ అమ్మాయి వివేకం ఉంది. చాలామంది ఈ స్థితిలో వ్యవస్థనంతా తుడిచి తిరిగి స్థాపించమంటారు. అది జ్వరానికి ఇల్లు మార్చమన్నట్లుంటుంది. హెడ్‌ఫోనులోనూ స్పీకరులోనూ ఏకకాలంలో శబ్దం లేదంటే, ఆ రెండింటికీ సమానమైన స్థానంలోనే అవరోధం ఉండాలి. అనగా శబ్దం ఆ కార్డుకే రావడం లేదు, మరెక్కడికో పోతున్నది.

అమ్మగారు అయిదవ తరగతి వరకు చదివారు. ఆంగ్లాక్షరాలు కూడబలుక్కొని చదవగలరు. సెట్టింగులలో సౌండ్ అనే పుట తెరిపించి, అవుట్‌పుట్ అన్న చోట ఏమున్నదో శిష్యురాలు అడిగింది. "హెచ్... డీ... ఎం... ఐ" అని అమ్మగారు ఒక్కొక్క అక్షరమే అప్పగించారు. కొత్త తెరకు సొంత స్పీకరు ఉన్నట్లు హెచ్‌డీఎంఐ తీగ చెప్పింది. నిర్వాహకుడు ప్రవాహాన్ని అటు మళ్ళించాడు. ఆ తెర ధ్వనిస్థాయి శూన్యంలో ఉన్నది. అమ్మగారు జాబితా తెరిచి 'అనలాగ్' అన్న పంక్తి మీద నొక్కగానే యంత్రకంఠం మధ్యలో ఆగిన వాక్యాన్ని అందుకొన్నట్లు మాట్లాడింది. "ఇంత చిన్నదానికా పొద్దుటి నుంచీ కాఫీ తాగలేదు ఈయన!" అని అమ్మగారన్నారు. చూపున్నవారు టెర్మినల్‌లో డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ అని అడిగితే, ఏ మార్గం ప్రధానమో దాని ప్రక్కన నక్షత్రపు గుర్తు కనిపిస్తుంది. అదే సాధనంలో సెట్ డిఫాల్ట్ అనే ఆజ్ఞతో మార్గం మార్చవచ్చు. వైర్‌ప్లంబర్ ఆ నిర్ణయాన్ని గుర్తుంచుకొంటుంది గనుక మళ్ళీ మళ్ళీ చేయనవసరం లేదు.

దీనితో సమస్య తీరిందనే అందరూ అనుకొన్నారు. నెల తిరగకముందే మరొక విధమైన మౌనం వచ్చింది. రాత్రి హెడ్‌ఫోనులో శబ్దం చక్కగా వచ్చేది. తెల్లవారి తీస్తే స్పీకరు పలికేది కాదు. హెడ్‌ఫోను తిరిగి దూర్చితే మాట వినబడేది. యంత్రాన్ని ఆపి తెరిచినా ఇదే వరుస. పైకి చూడటానికి రెండూ స్పీకరు మూగబోవడమే. కానీ ఇది మొదటి వ్యాధి కాదు. ఇక్కడ శబ్దం సరైన కార్డుకే చేరుతున్నది. హెడ్‌ఫోను ద్వారం తెరిచి ఉంది, స్పీకరు ద్వారం మూసి ఉంది. బహుశా ప్లగ్గు తీసినా అది తీయబడలేదని యంత్రం భ్రమిస్తున్నది.

రజ్జువునందు సర్పభ్రాంతి కలిగినవానికి దీపం తెచ్చి చూపవచ్చు. ఇక్కడ భ్రాంతి చెందినది యంత్రం, పరీక్షించవలసినవారు మాస్టారు. ఆ పరీక్షలో విచిత్రమైన చిక్కు ఒకటుంది. ప్లగ్గు తీసి ఉన్న స్థితిలో యంత్రం ఏమని భావిస్తున్నదో తెలియాలి. ప్లగ్గు తీస్తే ఆయనకు వినబడదు, వినబడాలంటే ప్లగ్గు పెట్టాలి, పెడితే పరీక్షించవలసిన స్థితి మారిపోతుంది. అమ్మగారు ఆ సమయానికి కూతురి ఇంటికి వెళ్ళి ఉన్నారు. చదివి చెప్పేవారు లేరు.

శిష్యురాలు కొంతసేపు ఆలోచించి ఒక ఉపాయం చెప్పింది. ఆల్సాతో పాటు వచ్చే అమిక్సర్ అనే సాధనాన్ని కాంటెంట్స్ అన్న మాటతో అడిగితే కార్డు తన స్థితి అంతా ఏకరువు పెడుతుంది. అందులో ఫ్రంట్ హెడ్‌ఫోన్ జాక్ అనే పేరు, దాని క్రింద ఆన్ లేదా ఆఫ్ అనే విలువ ఉంటాయి. ఆ ఆజ్ఞకు ముందు పదిహేను సెకన్లు వేచి ఉండమనే ఆజ్ఞ చేర్చి, వచ్చిన సమాధానాన్ని తెరమీద కాక ఒక ఫైలులో వ్రాయమని ఆమె చెప్పింది. మాస్టారు ఆజ్ఞ టైపు చేసి, ఎంటర్ నొక్కి, వెంటనే ప్లగ్గు లాగి, వ్రేళ్ళమీద ముప్ఫై వరకు లెక్కపెట్టారు. తిరిగి దూర్చి ఆ ఫైలు తెరిచి విన్నారు. ప్లగ్గు బయట ఉన్న క్షణంలో యంత్రం వ్రాసుకొన్న మాట 'ఆన్' అనే ఉంది.

"చిక్కింది తల్లీ," అన్నారాయన. ఆ స్వరంలో ఒక క్లిష్టపద్యానికి అన్వయం కుదిరినప్పటి తృప్తి ఉన్నదని శిష్యురాలు తరువాత చెప్పింది.

ఇక్కడొక సంగతి స్పష్టంగా చెప్పక తప్పదు. హెడ్‌ఫోను ఉన్నదనే వార్త అందినప్పుడు స్పీకరును మూసే చేతులు రెండు. పైనున్న నిర్వాహకుడు తన మార్గాన్ని హెడ్‌ఫోను పోర్టుకు మారుస్తాడు. క్రిందనున్న డ్రైవరు ఆటో మ్యూట్ అనే నియమంతో స్పీకరు రంధ్రాన్ని తానుగా మూస్తాడు. పైవానిని సరిదిద్ది క్రిందివానిని మరిచినవారికి ఫలం కనిపించదు. మిక్సరు తెరమీద అన్ని స్థాయిలూ నిండుగా ఉన్నట్లు కనిపిస్తూనే బయటికి చప్పుడు రాకపోవడం దీనివల్లనే. రెండు తాళాలున్న తలుపుకు ఒక తాళం మాత్రమే కనబడేటట్లు పెట్టడం రూపకల్పనలో లోపమనే చెప్పాలి. చూపున్నవారినే ఇది గంటలకొద్దీ తిప్పుతుంది.

అందుచేత ఆమె ముందు క్రింది తాళం తీయించింది. ఆల్సామిక్సర్ అనే తెర తెరచదువరికి సరిగా లొంగదు. అమిక్సర్ ద్వారా ఆటో మ్యూట్ మోడ్‌ను డిసేబుల్ చేయించి, ఆ స్థితి యంత్రం ఆపినా నిలిచేటట్లు ఆల్సాసీటీఎల్ స్టోర్ అనే ఆజ్ఞతో భద్రపరిపించింది. పిమ్మట పై తాళం. పాక్టీఎల్ అనే సాధనానికి సింక్ పోర్టు మార్చమనే ఆజ్ఞ ఉంది. వెనుకనున్న స్పీకరు రంధ్రం పేరు అనలాగ్ అవుట్‌పుట్ లైన్ అవుట్, ముందున్నది అనలాగ్ అవుట్‌పుట్ హెడ్‌ఫోన్స్. రెండు ఆజ్ఞలను రెండు చిన్న ఫైళ్ళలో వ్రాయించి, కీబోర్డు సెట్టింగులలో వాటికి రెండు మీటలు కేటాయించింది. మీట నొక్కిన పిమ్మట ఆ ద్వారంలోనే 'స్పీకరు' అని గాని 'హెడ్‌ఫోను' అని గాని పలికేటట్లు చివర ఒక పంక్తి చేర్చింది. యంత్రం తానై కనుగొనలేనిదానిని మనిషి చెప్పవలసి వచ్చింది. ఇది మందే గాని, రోగమూలం అట్లే ఉంది.

అన్వయవ్యతిరేకాలతో మూలం నిర్ణయించే పని ఆ వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడికి దక్కింది. ఆ అబ్బాయి పెట్టె విప్పి, ముందుభాగపు రంధ్రం నుండి మదరుబోర్డుకు వచ్చే సన్నని తీగకట్టను ఊడదీశాడు. శిష్యురాలు ఫోనులో ఉండి అదే అమిక్సర్ ప్రశ్న అడిగించింది. కుర్రవాడు తెర చూసి 'ఆఫ్' అని చదివాడు. తీగకట్ట తగిలిస్తే ప్లగ్గు లేకుండానే 'ఆన్'. తీస్తే 'ఆఫ్'. మూడుసార్లు చేసినా మార్పు లేదు. దోషం చిప్పులో లేదు, లైనక్స్‌లో లేదు, నిర్వాహకునిలో లేదు. రోజూ రాత్రి దూర్చి ఉదయం లాగిన ఆ రంధ్రంలో, ప్లగ్గు ఉన్నప్పుడు మాత్రమే కలవవలసిన లోహపత్రం వంగి శాశ్వతంగా అంటుకొని పోయింది. ఇటువంటి స్థితిలో హెచ్‌డీఏ జాక్ రీటాస్క్ అనే సాధనంతో ఆ రంధ్రమే లేదని డ్రైవరుకు చెప్పే మార్గం కూడ ఉన్నది. తీగకట్ట ఊడదీసిన తరువాత దానితో పని లేకపోయింది.

పెట్టె ముందుభాగపు రంధ్రం విడిగా దొరకదని కుర్రవాడన్నాడు. వ్రేలెడంత యూఎస్‌బీ శబ్దకార్డు ఒకటి తెచ్చి, హెడ్‌ఫోనును దానికి స్థిరంగా తగిలించాడు. ఇకమీదట ఒకే కార్డులో రెండు ద్వారాల మధ్య ఎంపిక లేదు, కార్డులే రెండు. రాత్రి ఆ యూఎస్‌బీ ముక్కను దూర్చితే అది కొత్తగా ప్రత్యక్షమౌతుంది. ఒకసారి దానిని ప్రధానంగా నియమించి ఉంచారు గనుక వైర్‌ప్లంబర్ ప్రవాహాన్ని దానికి అప్పగిస్తుంది. ఉదయం లాగితే ఆ కార్డే అదృశ్యం, ప్రవాహం స్పీకరుకు తిరిగి వస్తుంది. వంగే లోహపత్రం మీద గాని, రెసిస్టరు లెక్క మీద గాని ఆధారపడవలసిన పని లేదు. ఎంతో శాస్త్రం తెలిసిన తరువాత ఇంత మోటు ఉపాయం వద్ద ఆగడం కొందరికి రుచించదు గాని, మాస్టారికి రుచించింది.

ఒక్క చిక్కు మిగిలింది. రాత్రి ప్రతిపదార్థం సరిచూసుకొంటుండగా యంత్రకంఠం కొన్ని మాటల తొలి అక్షరం మింగుతున్నట్లు ఆయనకు తోచింది. ఇతర పదాలలో అది గుర్తించడం సులభం. నఞ్ సమాసాలలో ప్రమాదం. 'అపాత్రుడు' అని వ్రాసినచోట 'పాత్రుడు' అని వినబడింది. 'అనుచితం' 'నుచితం' అయితే నవ్వుకోవచ్చు, 'అహితం' 'హితం' అయితే భావమే తలక్రిందులౌతుంది. తానే తప్పు వ్రాశారేమోనని రెండు రాత్రులు వ్రాసిన పద్యాలన్నీ తిరిగి తడిమారు. లేదు, అకారాలన్నీ వాటి చోటుల్లోనే ఉన్నాయి.

"మీరు ఒక పంక్తి విని ఆలోచిస్తూ ఆగుతారు కదా మాస్టారూ, అప్పుడు ఆ కార్డు నిద్రపోతోంది," అన్నది శిష్యురాలు. అయిదు సెకన్లు శబ్దం లేకపోతే వైర్‌ప్లంబర్ ఆ కార్డును విశ్రాంతికి పంపుతుంది. తిరిగి మేల్కొనే లోపల తొలి అక్షరం జారిపోతుంది. వేగంగా చదివేవారికి ఇది తెలియదు. ఒక్కొక్క పదం వద్ద నిలిచేవారికే తెలుస్తుంది. విశ్రాంతికి పంపే ఆ గడువును శూన్యం చేస్తే కార్డు మేల్కొనే ఉంటుంది. డెబియన్ 12లో దీనికి వైర్‌ప్లంబర్ అమరికల సంచిలో చిన్న లువా ఫైలు ఒకటి వ్రాయాలి. ఆమె ఆ ఫైలును పంపింది, మాస్టారు దానిని తగిన చోట ఉంచి యంత్రాన్ని ఆపి తెరిచారు.

ఆ రాత్రి ఆయన అపాత్రదానం ప్రసక్తి వచ్చే భావాన్ని తెరిచి, పంక్తి విని, కావాలనే నూరు లెక్కపెట్టి, తరువాతి పంక్తికి దిగారు. అకారం స్పష్టంగా పలికింది. మీటలకు కేటాయించిన ఆ రెండు ఆజ్ఞలను ఇక తీసివేయవచ్చునా అని శిష్యురాలు అడిగితే, ఉండనిమ్మన్నారు. తెల్లవారి యూఎస్‌బీ ముక్క లాగి, ఒకసారి ఆ మీట నొక్కి 'స్పీకరు' అన్న మాట వినిగాని ఆయన కాఫీకి లేవడం లేదట.